ఆయన పంచమం దగ్గర ఆవిడ షడ్జం

క్రిస్మస్ దగ్గరపడితే విజయనగరం, బొబ్బిలి చర్చిల్లో క్వయర్, అంటే బృందగానం, ప్రాక్టీసు. ఆగస్టు వస్తే బడుల్లో దేశభక్తి గీతాలు. ఎక్కడైనా మొదటిరోజు పేచీ ఒకటే. కీబోర్డు వాయించే అబ్బాయి శ్రుతి ఇస్తాడు. మగవాళ్ళకి హాయిగా ఉంటుంది, ఆడవాళ్ళకి పల్లవిలోనే గొంతు కిందకి ఆనదు. "కొంచెం పెంచు బాబూ" అంటారు. పెంచితే చరణంలో మగవాళ్ళు గొంతు చించుకుంటారు.

మన గొంతులో రెండు స్వరతంత్రులు ఉంటాయి. ఊపిరితిత్తుల గాలి వాటి మధ్య నుంచి వస్తున్నప్పుడు అవి తెరుచుకుంటూ మూసుకుంటూ కంపిస్తాయి. మామూలు మాటల్లో మగవాళ్ళకి సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్ళకి 200 సార్ల చుట్టుపక్కల. ఈ లెక్కనే హెర్ట్జ్‌లలో చెబుతారు. లెక్క పెరిగేకొద్దీ స్వరం పైకి వెళ్తుంది. మగవాళ్ళ తంత్రులు పొడవుగా, మందంగా ఉంటాయి కాబట్టి నెమ్మదిగా కదులుతాయి.

శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే షడ్జం, అంటే 'స'. అది ఇన్ని హెర్ట్జ్‌లే ఉండాలన్న రూలు కర్ణాటక సంగీతంలో లేదు. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్ళు అయిదుకి అటూఇటూ. ఒకటి శ్రుతి సుమారు 131 హెర్ట్జ్, అయిదు శ్రుతి 196. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే దాదాపు 1.5 వస్తుంది. స, ప స్వరాల మధ్య నిష్పత్తీ అదే. ఆయన పంచమం, అంటే 'ప', ఎక్కడుందో ఆవిడ షడ్జం అక్కడ మొదలవుతుందన్నమాట.

కచేరీలో ఇదేమీ ఇబ్బంది కాదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైంది. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. ఇంత సంగీతం పుట్టిన ఊళ్ళో కూడా పేరు తెచ్చుకున్నదంతా దాదాపు ఒంటి గొంతు, ఒంటి వాద్యమే. ఎవరి శ్రుతి వాళ్ళు ఎంచుకునే సంప్రదాయం మనది. గుంపులో ఆ వీలు ఉండదు, అందుకే బృందగానంలో మనం తడబడతామని నాకనిపిస్తుంది.

భజన బృందాలు దీన్ని స్థాయితో, అంటే ఒక 'స' నుంచి పై 'స' దాకా ఉన్న దూరంతో, దాటేస్తాయి. బొబ్బిలి వీణ మీద 24 మెట్లుంటాయి, స్థాయికి 12 చొప్పున. పన్నెండో మెట్టు మీద నొక్కితే మోగే తీగ పొడవు సగమై, కంపనాలు రెట్టింపవుతాయి. వినబడేది మళ్ళీ అదే స్వరం, పై స్థాయిలో. మగవాళ్ళు 131లో, ఆడవాళ్ళు 262లో పాడినా అందరిదీ ఒకే వరస అనిపించేది అందుకే. కానీ వరస తారస్థాయి గాంధారం, అంటే పై 'స' దాటాక వచ్చే 'గ', ముట్టుకుంటే ఆడవాళ్ళు 660 దాకా ఎక్కాలి. సాధన లేని గొంతుకి అది కష్టం.

యూరప్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. అందరికీ ఒకే వరస ఇవ్వడం మానేసి ఆడవాళ్ళ పై గొంతుకి సోప్రానో, కింది గొంతుకి ఆల్టో, మగవాళ్ళకి టెనర్, బేస్ అని నాలుగు భాగాలు పంచారు. అసలు వరస సాధారణంగా సోప్రానోది. మిగతా గొంతులు దానితో పొసిగే వేరే స్వరాలు పలుకుతాయి, ఆ కలయికే హార్మనీ. కొత్త బృందాలు నాలుగు భాగాల జోలికి పోకుండా రెండింటితో మొదలుపెడితే నయం.

స్వరాలు పొసగడం వెనక చిన్న నిష్పత్తులున్నాయి. స, ప మధ్య 3:2, స, అంతర గాంధారం మధ్య 5:4, అంటే 1.25. కీబోర్డులో స్థాయిని 12 సమానమైన మెట్లుగా కోస్తారు, అందుకని దాని గాంధారం 1.26 దగ్గర, ఒక పిసరు పైన పడుతుంది. వాద్యం లేకుండా శ్రద్ధగా వింటూ పాడే బృందం 1.25 వైపు జారడం సహజం. అప్పుడు కీబోర్డు పెట్టి చూసి "శ్రుతి తప్పారు" అని కసరడం అన్యాయం.

నిజంగా తప్పినప్పుడు చెవికి తెలిసిపోతుంది. ఒకరు 200, ఇంకొకరు 203 పట్టుకుంటే శబ్దం సెకనుకి మూడుసార్లు ఉబ్బి తగ్గుతుంది. వీణ తీగ బిగించేవాళ్ళు ఈ అలలు ఆగేదాకా బిరడ తిప్పుతారు. ఇరవైమంది పాడుతుంటే ఇలాంటి చిన్న తేడాలు ఒకదాన్నొకటి కప్పేసి పాటకి ఒక నిండుదనం ఇస్తాయి. ఆ కాస్త తేడా ఉండనివ్వాలి.

గట్టిగా పాడటం గురించి ఒక భ్రమ ఉంది. పదిమందిని ఇరవై చేస్తే శబ్దాన్ని కొలిచే లెక్కలో పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతలమంది కావాలి. పైగా చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లో రాశాడు. క్వయర్లో ఒకరు అరిస్తే పక్కవారూ అరిచేది ఇందుకే. మీ గొంతు తప్ప ఇంకేమీ వినబడడం లేదంటే తగ్గించాల్సింది మీరే.

లయ సంగతికొస్తే, శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. పదిహేడు మీటర్ల అవతల ఉన్నవాడి పాట మీకు సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని విని అందుకుంటే మీరూ వెనకబడతారు. పెద్ద హాల్లో చెవికన్నా తాళం వేసే చేతిని నమ్మాలి. మన జానపద నృత్యం తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత పాడుతూ, గుండె మీది గుల్ల వాయిస్తూ అడుగేస్తారు. ఒకరి అడుగు ఇంకొకరికి కనబడుతూనే ఉంటుంది.

ఇక ఊపిరి. దీర్ఘం మధ్యలో అందరూ ఒకేసారి గాలి పీల్చుకుంటే పాటకి గండి పడుతుంది. పక్కవాళ్ళతో ముందే మాట్లాడుకుని వంతులవారీగా తీసుకోండి. తిరిగి కలిసేటప్పుడు మెల్లగా కలవండి.