హద్దు గీత ఎలా పుడుతుంది?

యుద్ధ విమానం నడపడం నేర్చుకునే పైలట్‌కు కాక్‌పిట్ కన్నా ముందు పరిచయమయ్యేది ఆ విమానపు నిర్వహణ పుస్తకం. అందులో అడ్డంగా వేగాన్ని, నిలువుగా ఎత్తును చూపే ఒక రేఖాచిత్రం ఉంటుంది. వాటి మధ్య మూసుకుపోయిన ఒక వంకర గీత ఉంటుంది. గీతకు ఎడమ అంచున, అంటే మరీ తక్కువ వేగంలో, రెక్కలు విమానం బరువును మోయలేవు. పై అంచున గాలి పలచబడి ఇంజను శక్తి చాలకుండా పోతుంది. కుడి అంచు దాటితే గాలి ఒత్తిడి వల్లనో, వేడి వల్లనో, కంపనం వల్లనో విమానం దెబ్బతింటుంది. గీత లోపల ఉన్నంతసేపూ విమానం తన మాట వింటుందని శిక్షణలో ఉన్న పైలట్ నమ్ముతాడు, నమ్మకపోతే ఎగరలేడు. ఆ నమ్మకానికి ఆధారం పరీక్షా ప్రయాణాలు.

లెక్కలు, విండ్ టన్నెల్ (నమూనా మీదికి గాలిని వేగంగా వదిలి పరీక్షించే సొరంగం) ప్రయోగాలు, కంప్యూటర్ నమూనాలు ఆ గీత ఎక్కడ ఉండవచ్చునో ముందే అంచనా కడతాయి. అది నిజంగా అక్కడే ఉందో లేదో మాత్రం ఎవరో ఒకరు విమానాన్ని అంతదూరం తీసుకువెళ్లి చూడవలసిందే. టెస్ట్ పైలట్ అనగానే ప్రాణాలకు తెగించిన సాహసి మన కళ్ల ముందు మెదులుతాడు. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు గాని, ఆ వృత్తిలోని అసలు నైపుణ్యం అందులో కనిపించదు. అంచనా వేసినట్టే అంతా జరిగి, దిగిన తరువాత చెప్పుకోవడానికి కథేమీ మిగలని ప్రయాణాన్నే అక్కడ మంచి ప్రయాణంగా లెక్కిస్తారు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణనే కాస్త దగ్గరగా చూద్దాం. 1940ల మధ్యకు వచ్చేసరికి యుద్ధ విమానాలు శబ్దవేగానికి చేరువవుతున్న కొద్దీ విపరీతంగా అదరడం, చుక్కానులు (విమానాన్ని తిప్పడానికి రెక్కల, తోక అంచున కదిలే పలకలు) బిగుసుకుపోవడం పైలట్లకు అనుభవంలోకి వచ్చింది. 1946 సెప్టెంబరు 27న బ్రిటన్‌లో జెఫ్రీ డి హావిలాండ్ జూనియర్ నడుపుతున్న డీహెచ్ 108 విమానం గాలిలోనే ముక్కలై ఆయన మరణించాడు. ఆనాటి విండ్ టన్నెళ్లలో శబ్దవేగం దగ్గరపడగానే గాలి ప్రవాహం మూసుకుపోయి కొలతలు పనికిరాకుండా పోయేవి. కనుక ప్రయోగశాలగా ఆకాశమే మిగిలింది. అమెరికాలో తయారైన బెల్ ఎక్స్-1 రాకెట్ విమానాన్ని బి-29 బాంబర్ పొట్ట కింద తగిలించి పైకి తీసుకుపోయి వదిలేవారు. 1947 అక్టోబరు 14న అమెరికా వాయుసేన టెస్ట్ పైలట్ చక్ యేగర్ అందులో సుమారు 13,000 మీటర్ల ఎత్తున మాక్ 1.06 వేగాన్ని, అంటే శబ్దవేగానికి 1.06 రెట్లను, అందుకున్నాడు.

ఈ తేదీ చరిత్రకెక్కింది. దానికి ముందరి వారాల సంగతే శాస్త్రపరంగా మరింత ఆసక్తికరమైనది. ఆగస్టు 29న యేగర్ రాకెట్ ఇంజనుతో చేసిన మొదటి ప్రయాణం మాక్ 0.85 దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఒక్కో ప్రయాణంలో కొద్దికొద్దిగా వేగం పెంచుతూ పోయారు. మాక్ 0.94 దగ్గర అతడు చేతిలోని నియంత్రణ కర్రను, అంటే స్టిక్‌ను వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేవలేదు. మామూలుగా తోక వద్ద ఉండే అడ్డరెక్క కదలకుండా నిలిచి ఉండగా, దాని వెనుక అంచున కీలుతో అమర్చిన ఎలివేటర్ పైకీ కిందకీ కదిలి ముక్కును ఎత్తుతుంది, దించుతుంది. ఆ వేగంలో అడ్డరెక్క మీద ఏర్పడిన షాక్ తరంగం, అంటే గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే పలుచని పొర, సరిగ్గా ఆ కీలు రేఖ దగ్గరకు వచ్చి కూర్చుంది. దాని వెనుక ఉన్న ఎలివేటర్ ఎంత కదిలినా ఆ ప్రభావం ముందున్న ప్రవాహానికి చేరలేదు. జట్టులోని ఇంజనీరు జాక్ రిడ్లీ ఒక ఉపాయం సూచించాడు. ఎక్స్-1లో అడ్డరెక్కను మొత్తంగా కొద్ది డిగ్రీలు తిప్పే ఏర్పాటు ముందే ఉంది. ఎలివేటర్‌ను వదిలిపెట్టి ముక్కును దానితోనే ఎత్తాలి, దించాలి. ఆ పద్ధతిని తక్కువ వేగాల దగ్గర మొదట సరిచూసుకుని, తరువాతే ముందుకు వెళ్లారు. అనంతర కాలంలో వచ్చిన ధ్వన్యతీత యుద్ధ విమానాలలో అత్యధిక భాగానికి మొత్తంగా కదిలే తోక రెక్కే ఉంది. యేగర్ అక్టోబరు 14 ప్రయాణానికి రెండు రోజుల ముందు గుర్రం మీది నుంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్న సంగతిని అందరూ చెబుతారు. రిడ్లీ వేసిన లెక్కకు కూడా అంత ప్రచారం దక్కి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

నేటి పరీక్షల్లోనూ ఇదే క్రమం. పరీక్షించే విమానం ముక్కుకు పొడవాటి కమ్మీ ఒకటి ఉంటుంది. విమానం తన చుట్టూ ఉన్న గాలిని చెదరగొడుతుంది గనుక, చెదరని గాలి ఒత్తిడిని కొలవడానికి ఆ కమ్మీ ముందుకు చాచి ఉంటుంది. రెక్కల లోపల, తోకలో, చట్రంలో అతికించిన సెన్సర్లు లోహం ఎంత సాగిందో, ఎంత వేగంగా కంపించిందో క్షణక్షణం రేడియో ద్వారా నేల మీది గదికి పంపుతుంటాయి. పక్కనే మరో విమానం వెంట ఎగురుతూ పైలట్‌కు కనిపించని భాగాలను గమనిస్తుంది. పైలట్ నిర్ణీత ఎత్తున, నిర్ణీత వేగంలో విమానాన్ని నిలిపి, స్టిక్‌ను ఒక్కసారి తట్టి వదులుతాడు. గదిలోని ఇంజనీర్లు తెరల మీద గీతలు చూసి సరేనన్నాకే తరువాతి వేగానికి పోతాడు. చూసేవారికి ఇంతకన్నా విసుగు పుట్టించే పని ఉండకపోవచ్చు.

ఇంత జాగ్రత్త అవసరం ఎందుకో ఫ్లటర్ అనే దృగ్విషయం చెబుతుంది. విమానం రెక్క గట్టిగా కనిపించినా అది వంగుతుంది, మెలిపడుతుంది; ఈ రెండు కదలికలకూ వాటి వాటి సహజ పౌనఃపున్యాలు, అంటే సెకనుకు ఇన్నిసార్లు ఊగే వేగాలు, ఉంటాయి. వేగం పెరిగే కొద్దీ గాలి ఆ రెంటినీ దగ్గరకు చేర్చి, ఒకదాని ఊపును మరొకదానికి అందిస్తుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తూ పోతే చిన్న తోపులతోనే అది ఎంత ఎత్తుకు లేస్తుందో మనకు తెలుసు. ఇక్కడ ఆ తోపులిచ్చేది గాలి, దానికి అలసట లేదు. హద్దు వేగం లోపల కంపనం పుట్టినా క్రమంగా అణగారిపోతుంది. హద్దు దాటితే అణగారడం మాని పెరగడం మొదలుపెడుతుంది, కళ్లు మూసి తెరిచేలోగా రెక్కే ఊడిపోవచ్చు. అందుకే హద్దును తాకి చూడరు. ఒక్కో వేగం దగ్గర కంపనం ఎంత త్వరగా అణగారుతున్నదో కొలిచి, ఆ కొలతలను గీతగా గీసి, అది సున్నాకు ఎక్కడ చేరబోతుందో ముందే ఊహించి, అంతకు చాలా ముందే ఆగిపోతారు. విమానాన్ని గాలిలో కావాలని కంపింపజేసి వేగంతో పాటు ఆ కంపనం ఎలా మారుతుందో కొలిచే పద్ధతిని 1935లో జర్మనీలో ఫాన్ ష్లిప్పె ప్రవేశపెట్టాడు.

యుద్ధ విమానానికి మరో చిక్కు ఉంది. రెక్కల కింద వేలాడదీసే ప్రతి బాంబూ, క్షిపణీ, ఇంధన ట్యాంకూ రెక్క బరువును, ఆ బరువుతో పాటు దాని సహజ పౌనఃపున్యాలనూ మారుస్తుంది. రెండు క్షిపణులతో సురక్షితమైన వేగం, రెండు ట్యాంకులు చేరిస్తే సురక్షితం కాకపోవచ్చు. కనుక విమానం వాయుసేనలో చేరి ఏళ్లు గడిచినా, కొత్త ఆయుధం వచ్చినప్పుడల్లా పరీక్షలు మళ్లీ మొదలవుతాయి. గీత శాశ్వతం కాదనడానికి మరో సాక్ష్యం 1997 సెప్టెంబరులో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో జరిగిన విమాన ప్రదర్శనలో కనిపించింది. ఒక ఎఫ్-117 విమానం రెక్క ఒక్కసారిగా ఫ్లటర్‌కు లోనై విరిగిపోయింది. పైలట్ సీటుతో సహా బయటపడ్డాడు. రెక్క చివరి చుక్కానికి ఆధారంగా ఉండే భాగంలో ఐదు బిగింపులకు గాను నాలుగు లేవని దర్యాప్తులో తేలింది. పుస్తకంలోని గీత అన్ని బిగింపులూ ఉన్న విమానానిది.

లోహం సంగతి అలా ఉంచితే, విమానమూ మనిషీ కలిసి ఎలా ప్రవర్తిస్తారన్నది ఇంకా జటిలమైన ప్రశ్న. 1974 జనవరి 20న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో వైఎఫ్-16 అనే నమూనా విమానాన్ని రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూడడం మాత్రమే ఆనాటి కార్యక్రమం. ఎగరాలన్న ఆలోచన లేదు. ఆ విమానంలో స్టిక్‌కూ చుక్కానులకూ మధ్య తీగలు, కడ్డీలు లేవు. పైలట్ చేతి ఒత్తిడిని కంప్యూటర్ చదివి చుక్కానులకు ఆజ్ఞలిస్తుంది. స్టిక్ దాదాపు కదలదు గనుక ఎంత నొక్కామో చేతికి సరిగా తెలియదు. పరుగులో ముక్కు కొద్దిగా లేవగానే విమానం పక్కలకు ఊగసాగింది. టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రికర్ ఒక పక్కకు సరిదిద్దేసరికి అది రెండో పక్కకు మరింత ఒరిగింది. తోక రెక్క నేలను రాసుకుంది, విమానం రన్‌వే అంచు వైపు జారసాగింది. ఆపడానికి ప్రయత్నించడం కన్నా ఎగరడమే క్షేమమని ఓస్ట్రికర్ నిర్ణయించుకున్నాడు. ఆరు నిమిషాలు గాలిలో ఉండి క్షేమంగా దిగాడు. అధికారికంగా మొదటి ప్రయాణం మాత్రం ఫిబ్రవరి 2న జరిగినట్టు నమోదైంది.

తప్పు పైలట్‌దా, విమానానిదా అని అడగడంలో అర్థం లేదు. చేతి ఆజ్ఞకూ విమానపు స్పందనకూ మధ్య సెకనులో కొద్దిపాటి భాగం ఆలస్యం ఉన్నప్పుడు, స్పందన అవసరానికి మించి చురుకుగా ఉన్నప్పుడు, పైలట్ చేసే ప్రతి దిద్దుబాటూ ఆలస్యంగా అంది ఊపును పెంచుతుంది. విడివిడిగా ఇద్దరూ సవ్యమే, జంటగా అస్థిరం. పక్కలకు ఒరిగే చురుకుదనాన్ని కంప్యూటర్‌లో తగ్గించాక ఆ చిక్కు తీరింది. ఇటువంటి దోషాలు మెల్లగా, తీరికగా ఎగిరితే బయటపడవు. అందుకే పరీక్షలో పైలట్లు ఎదుటి విమానంలోని ఒక చిన్న గుర్తు మీద గురిని అంగుళం కూడా తొలగకుండా నిలపడం, ఇంధనం నింపే విమానం వెనుక అతి సమీపంగా నిలిచి ఉండడం వంటి కఠినమైన పనులు పెట్టుకుంటారు. దిగాక ‘బాగుంది’, ‘కష్టంగా ఉంది’ అంటే చాలదు. జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్ 1969లో రూపొందించిన కొలమానం ప్రకారం వరుస ప్రశ్నలకు సమాధానం చెప్పుకుంటూ 1 నుంచి 10 లోపు ఒక అంకె ఇవ్వాలి. 1 అంటే ఏ లోపమూ లేదని, 10 అంటే విమానం అదుపులో ఉండదని.

ఇక్కడే పరీక్షకూ శిక్షణకూ ఉన్న సంబంధం తేటపడుతుంది. రెక్క మీది గాలి ప్రవాహం ఊడిపోయి విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి పడే స్థితిని స్పిన్ అంటారు. ఆకాశయానం మొదలైన కొత్తలో అందులో పడినవారు దాదాపు బతికేవారు కాదు. 1912లో బ్రిటిష్ నావికాదళ పైలట్ విల్‌ఫ్రెడ్ పార్క్ బయటపడి, తానేం చేశాడో వివరించగలిగాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రమైన ఫార్న్‌బరోలో భౌతికశాస్త్రవేత్త ఫ్రెడరిక్ లిండెమన్ విమానం నడపడం స్వయంగా నేర్చుకుని, కావాలనే స్పిన్‌లోకి వెళ్లి కొలతలు తీసుకున్నాడు. నేడు కొత్త విమానాన్ని స్పిన్‌లో పరీక్షించేటప్పుడు తోకకు ప్రత్యేక పారాచూట్ అమర్చి, చాలా ఎత్తు నుంచి మొదలుపెడతారు. అలా తేలిన వరుస, అంటే ఇంజను శక్తి తగ్గించు, తిరుగుడుకు ఎదురుగా రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) పెడల్ తొక్కు, స్టిక్ ముందుకు తోయి అన్నది, శిక్షణ విమానంలో విద్యార్థి చేత మళ్లీ మళ్లీ చేయిస్తారు. పార్క్‌కు అదృష్టవశాత్తు తట్టినది విద్యార్థికి అలవాటుగా మారుతుంది.

విమానానికి హద్దులున్నట్టే మనిషి ఒంటికీ ఉన్నాయి. ఆధునిక యుద్ధ విమానం పదునైన మలుపులో 9 జీ వరకు, అంటే భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల బలం వరకు, తెస్తుంది. ఐదు కిలోల తల 45 కిలోల బరువు తూగుతుంది. అంతకన్నా ముఖ్యం రక్తం సంగతి. గుండెకూ కంటికీ మధ్య ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. అంత ఎత్తున్న రక్తస్తంభాన్ని నిలపడానికి ఒక్క జీ వద్ద దాదాపు 23 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఖర్చవుతుంది. గుండె ఇచ్చేది 120. భాగిస్తే ఐదుకు కొంచెం ఎక్కువ వస్తుంది. ఏ జాగ్రత్తా తీసుకోని మనిషికి సుమారు ఐదు జీల వద్ద చూపు మసకబారి, అంచుల నుంచి ముడుచుకుపోయి, తరువాత స్పృహ తప్పడానికి కారణం ఈ చిన్న భాగహారమే. కాళ్లను, పొట్టను బిగించే జీ-సూట్ ఈ హద్దును ఒకటి, ఒకటిన్నర జీల మేర పెంచుతుంది. మిగతాది పైలట్ తన కండరాలతో సంపాదించుకోవాలి: తొడలు, పిరుదులు, పొట్ట బిగించి, ఊపిరి బిగపట్టి, మూడేసి సెకన్లకు ఒకసారి చటుక్కున గాలి మార్చుకోవాలి. ఇది సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిరిగే యంత్రంలో కూర్చోబెట్టి నేర్పుతారు. మెదడులో ఐదు సెకన్లకు సరిపడా ఆక్సిజన్ నిల్వ ఉంటుంది. జీలు ఒక్కసారిగా పెరిగితే చూపు మసకబారే హెచ్చరిక కూడా లేకుండా స్పృహ పోవచ్చు. తిరిగి తేరుకుని ఎక్కడున్నానో అర్థం చేసుకునేసరికి ఇరవై నాలుగు సెకన్లు పట్టిందనుకుంటే, సెకనుకు 250 మీటర్ల వేగంతో పోయే విమానం ఆలోగా ఆరు కిలోమీటర్లు వెళ్లిపోతుంది.

ఆ ఆరు కిలోమీటర్లను కాపాడడానికి వచ్చిన ఏర్పాటును అమెరికా వాయుసేన 2014లో తన ఎఫ్-16లలో ప్రవేశపెట్టింది. విమానంలోని కంప్యూటర్ నేల పటాన్ని, విమానం పోబోయే దారిని నిరంతరం పోల్చి చూసి, గుద్దుకోవడం తప్పదనుకున్న చివరి క్షణంలో పగ్గాలు తీసుకుని, రెక్కలను సమం చేసి పైకి లేపుతుంది. దీన్ని పరీక్షించడంలో కష్టం రెండు వైపులా ఉంది: ఆలస్యమైతే ప్రాణం పోతుంది, తొందరపడితే లోయలలో తక్కువ ఎత్తున కావాలని ఎగిరే పైలట్‌కు అడ్డుతగులుతుంది, విసిగి అతడు దాన్ని ఆపివేస్తాడు. అందుకని టెస్ట్ పైలట్లు విమానాన్ని కొండల వైపు మళ్లించి, ఆ చివరి క్షణం దాకా చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. సాధనలో స్పృహ తప్పిన ఒక విద్యార్థి విమానాన్ని ఈ వ్యవస్థ నేలకు తగలకుండా లేపిన దృశ్యం 2016లో బయటకు వచ్చింది.

ఇప్పుడు పరీక్షకు వచ్చినది పైలట్ స్థానంలో కూర్చునే సాఫ్ట్‌వేర్. ఎడ్వర్డ్స్‌లో ఎక్స్-62ఏ అనే మార్చిన ఎఫ్-16ను 2023లో కృత్రిమ మేధతో తమంతట తామే నేర్చుకునే ప్రోగ్రాములు నడిపి, మనిషి నడిపే ఎఫ్-16తో ఆకాశంలో తలపడ్డాయి. అవసరమైతే అదుపు తీసుకోవడానికి లోపల పైలట్లు కూర్చున్నారు. మొదట ఆత్మరక్షణ విన్యాసాలు, తరువాత దాడి విన్యాసాలు, చివరకు ముఖాముఖి పోరు: అదే పాత క్రమం. తేడా ఒక్కటే. 21 ప్రయాణాలలో ఆ ప్రోగ్రాముల్లో లక్షకు పైగా పంక్తులు మారాయి. ఎక్స్-1లో తోకను వాడే పద్ధతి మారినప్పుడు ఏం మారిందో రిడ్లీ వేలితో చూపగలిగాడు. నేర్చుకున్న ప్రోగ్రాములో ఒక పంక్తి మారితే ఏ వేగం దగ్గర, ఏ కోణంలో దాని ప్రవర్తన మారుతుందో అలా చూపలేము గనుక, నిన్న సరిచూసిన బిందువులలో వేటిని నేడు మళ్లీ ఎగిరి చూడాలన్నది ప్రతి ప్రయాణానికి ముందు తేల్చుకోవలసి వస్తున్నది.