తేదీ లేని విపత్తు, రంది అనే మాట

వరదకు ఒక తేదీ ఉంటుంది. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురం వైపు ఊళ్లు మునిగినప్పుడు నష్టం లెక్క రాసుకున్నారు. కానీ నల్గొండ, పాలమూరు జిల్లాలు ఎక్కువ కాలం మోసిన కరువు, ఫ్లోరైడ్ నీళ్ల విపత్తుకు ఏ తేదీ లేదు.

మర్రిగూడ, మునుగోడు వైపు నేల కింద గ్రానైట్ రాయి ఉంది. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. కరువొచ్చి బావులెండితే జనం లోతు బోర్లు వేసుకుని ఆ నీళ్లే తాగారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా బాగా పెరిగితే ఎముకలకు ముప్పు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు సంగతి 1940ల నుంచే తెలుసు. 1970ల్లో నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నంతో నీళ్లను శుద్ధి చేసే పద్ధతిని తయారుచేస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరొచ్చింది. గారపట్టిన పళ్ల గురించి, వంగిన నడుముల గురించి చాలామంది రాశారు. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడిన చుట్టాల గురించి, పెళ్లికాని కొడుకును చూస్తూ తల్లి పెట్టుకున్న రంది (లోలోపల తొలిచే దిగులు) గురించి రాసింది తక్కువ.

ఇలా జరగడానికి కారణం కొంత మనోవైద్యం నడిచిన దారిలోనే ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో 'పీటీఎస్‌డీ'ని, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని బాధను, జబ్బుల జాబితాలో చేర్చింది. దాని వెనక వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ ఉంది. ఒక భయంకరమైన సంఘటన, ఆ తర్వాత పీడకలలు. ఏళ్లకేళ్లు సాగే కరువు ఆ కొలతలో ఇమడదు. ఒక సమాజంలో పుట్టిన జబ్బు పేరును ఇంకో సమాజానికి అంటగట్టడం పొరపాటని అమెరికా మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ 1977లోనే అన్నారు. తర్వాత చైనాలోని హునాన్‌లో ఆయన చూసిన రోగులు మనసు బాగాలేదని కాకుండా తలనొప్పి, నీరసం అని చెప్పుకున్నారు. మన దగ్గరా అంతే: "గుండెల దడ, నిద్ర పడతలేదు" అంటారు.

ఆస్ట్రేలియాలోని హంటర్ లోయలో బొగ్గు గనులు ఊరి రూపమే మార్చేస్తే, ఊళ్లోనే ఉంటూ ఊరి మీద బెంగపడే స్థితికి అక్కడి తత్వవేత్త గ్లెన్ ఆల్బ్రెక్ట్ 2000ల్లో 'సోలాస్టాల్జియా' అని పేరు పెట్టారు. మనకు రంది, మనాది (మనిషిని కుంగదీసే బెంగ) అనే మాటలు ముందునుంచే ఉన్నాయి. అయితే సోలాస్టాల్జియా, రంది ఒకటి కాదనే నా నమ్మకం. అక్కడి బెంగ నేల గురించి. ఇక్కడి రందిలో ఎండిన బోరుతో పాటు దాని కోసం చేసిన అప్పు, బిడ్డ పెళ్లి, చుట్టాల ముందు పరువు, మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని వలసపోయిన కొడుకు, అన్నీ కలిసి ఉంటాయి. విడదీసి అడిగితే జవాబు రాదు.

ఆడవాళ్లకు శోకం తీసి ఏడ్చే వీలైనా ఉంది. మగవాళ్లకు అదీ లేదు. "మనాదితో మంచం పట్టిండు" అని ఊరు అనేసరికే చాలా ఆలస్యమై ఉంటుంది.

మిషన్ భగీరథతో ఈ ఊళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడైనా, ఊరి దవాఖానలోనైనా మొదటి ప్రశ్న "డిప్రెషన్ ఉందా?" అని కాకుండా "ఏం రంది పెట్టుకున్నవ్ అన్నా?" అని ఉంటే అవతలి మనిషి నోరు విప్పుతాడు.