చదవడం వేరు, రాయడం వేరు: తొలినాటి అమెరికా బడులపై అపోహలు - వాస్తవాలు

బీఈడీ క్లాసులో విద్యా చరిత్ర చెప్పే మాబోటివాళ్లం, అమెరికా వలసకాలం రాగానే నాలుగు పేర్లు, నాలుగు సంవత్సరాలు రాయించి ముందుకెళ్లిపోతాం. పరీక్షకు అది చాలు. అపోహలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

అపోహ: మసాచుసెట్స్‌లో 1647 చట్టంతోనే పిల్లలందరికీ బడి తప్పనిసరి అయింది.

వాస్తవం: ఆ చట్టం బాధ్యత పెట్టింది ఊరి మీద, పిల్లల మీద కాదు. 50 కుటుంబాలుంటే చదవడం, రాయడం నేర్పే పంతులిని పెట్టాలి. 100 ఉంటే పిల్లల్ని హార్వర్డ్ కళాశాలకు తయారుచేసే లాటిన్ బడి కూడా ఉండాలి, లేదంటే 5 పౌండ్ల జరిమానా. జనాన్ని బైబిలుకు దూరం చేయడం సైతాను పన్నాగమని చట్టం మొదట్లోనే రాసుకున్నారు. హాజరు తప్పనిసరి చేసే చట్టం అక్కడ 1852లో గానీ రాలేదు.

అపోహ: చదవడం వచ్చినవాళ్లందరికీ రాయడమూ వచ్చేది.

వాస్తవం: నన్నడిగితే ఆ కాలం పాఠ్యక్రమానికి తాళంచెవి ఇక్కడే ఉంది. చదవడం దేవుడి కోసం, రాయడం వ్యాపారం కోసం. మసాచుసెట్స్‌లోనే 1642లో వచ్చిన చట్టం తల్లిదండ్రులను, యజమానులను పిల్లలకు చదవడం నేర్పించమంది, రాయడం ఊసెత్తలేదు. ఊళ్లో ఒకావిడ తన ఇంట్లోనే చిన్నపిల్లలను కూర్చోబెట్టి, కొమ్ము పొర కప్పిన చెక్కపలక మీద అక్షరాలు, ప్రభువు ప్రార్థన చదివించేది. రాయాలంటే బాతు ఈక చెక్కుకోవాలి, సిరా కావాలి, విడిగా రాత పంతులు కావాలి. మగపిల్లలు అక్కడికి వెళ్లేవారు. ఆడపిల్లల్లో చాలామందికి చదవడం వచ్చాక కుట్టుపనే. అందుకే పాత దస్తావేజుల్లో సంతకం బదులు గుర్తు పెట్టిన స్త్రీలందరినీ నిరక్షరాస్యులుగా లెక్కేస్తే తప్పవుతుంది. వాళ్లలో బైబిలు చదవగలిగినవాళ్లూ ఉన్నారు.

దక్షిణాదిన ఇదే తేడా క్రూరంగా కనిపిస్తుంది. బానిసల తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది, 1740లో, సౌత్ కరోలినా బానిసలకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా అంది. చదవడాన్ని మాత్రం నిషేధించలేదు. తాను పనిచేసే తోట దాటాలంటే బానిస దగ్గర యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి; రాయడం వస్తే ఆ చీటీ తనే రాసుకోగలడు.

అపోహ: లెక్కలు మొదటి నుంచీ ముఖ్యమైన సబ్జెక్టే.

వాస్తవం: హార్వర్డ్‌లో చేరాలంటే లాటిన్, గ్రీకు రావాలి. ప్రవేశానికి అంకగణితం అడగడం 19వ శతాబ్దం తొలి ఏళ్లలో గానీ మొదలవలేదు.

అపోహ: అమెరికా బడిలో ఉన్నదంతా యూరప్ నుంచి వచ్చిందే.

వాస్తవం: మద్రాసు అనాథ శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్, స్థానిక బడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టాడు. ఆయన రాసింది చదివి లండన్‌లో బడి నడిపే జోసెఫ్ లాంకాస్టర్ ఆ ఇసుక రాతను అనుసరించాడు. 1806లో న్యూయార్క్‌లో పేదపిల్లల కోసం తెరిచిన ఉచిత బడి లాంకాస్టర్ పద్ధతిలో నడిచింది. వందలమంది పిల్లలను తక్కువ ఖర్చుతో చదివించాల్సిన బడికి కాగితం, సిరా అక్కర్లేని ఇసుకబల్ల బాగా పనికొచ్చింది.