ముందు స్క్రూడ్రైవర్, తర్వాతే సాఫ్ట్‌వేర్

బెంగళూరులో ఏ ఇంజనీరింగ్ క్లాసులోకి తొంగిచూసినా అనంతపురం, చిత్తూరు వైపు పిల్లలు కనిపిస్తారు. పర్యావరణానికి హాని తగ్గించే విమాన సీటు డిజైన్ చెయ్యమంటే, వాళ్లకు ముందు తట్టేవి జనపనార, అరటినార. ఆలోచన మంచిదే, కానీ విమానం లోపలికి ఏది వెళ్లాలన్నా ముందు మంటకు నిలవాలి.

ఉదాహరణకు, విమానం లోపలి గోడ ప్యానెల్ ముక్కను నిలువుగా పట్టి, కింద 60 సెకన్లు మంట పెడతారు. మంట తీశాక 15 సెకన్లలోపు ఆరాలి. కాలిన మేర సుమారు 15 సెంటీమీటర్లు దాటకుండా ఆగిపోవాలి. 1985లో మాంచెస్టర్‌లో టేకాఫ్ మధ్యలో ఆపేసిన ఒక విమానం నేలమీదే తగలబడి 55 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది పొగ. పొగకు విడిగా పరీక్ష ఉండడం ఊరికే కాదు. నారకు మంట ఆపే రసాయనం పట్టిస్తే బరువు పెరుగుతుంది, పైగా నార తేమ పీలుస్తుంది.

ఆ బరువు ఖరీదెంతో క్లాసులోనే లెక్క కట్టొచ్చు. 180 సీట్ల విమానంలో సీటుకు కిలో తగ్గించామనుకుందాం. మోసే బరువులో గంటకు సుమారు 3 శాతం ఇంధనంగా ఖర్చవుతుందన్నది మోటు లెక్క. ఏడాదికి 3,500 గంటలు ఎగిరితే దాదాపు 19 టన్నుల ఇంధనం మిగులుతుంది. కిలో ఇంధనానికి 3.16 కిలోల చొప్పున చూస్తే, 60 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే.

అసలు చిక్కు జిగురు దగ్గరుంది. గోడ ప్యానెల్‌లో మధ్యన తేనెపట్టు గదుల్లాంటి అరామిడ్ (వేడిని తట్టుకునే కృత్రిమ నార) కాగితం, రెండు వైపులా ఫినాలిక్ రెజిన్ అనే జిగురు పట్టించిన గాజు బట్ట ఉంటాయి. తేలిక, పొగ తక్కువ, అన్నీ బాగున్నాయి. అయితే ఫినాలిక్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అలా అతుక్కున్న పొరలను విడదీసి వాడుకోవడం గగనమే. పీఈఐ (పాలీఈథరిమైడ్) లాంటి థర్మోప్లాస్టిక్‌లను వేడిచేసి మళ్లీ మలచొచ్చు. ధరే ఎక్కువ. విమానం పాతికేళ్లు ఎగిరినా, దాని సీట్లను మధ్యలో ఒకటి రెండుసార్లయినా మారుస్తారు కాబట్టి ఈ చెత్త చిన్నదేం కాదు.

అందుకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేలోపే పిల్లలకు పాత సీటొకటి ఇచ్చి విప్పించాలంటాను. వెల్క్రో కవరు చటుక్కున ఊడి వస్తుంది, లోపలి మంట నిరోధక పొర బయటపడుతుంది. అల్యూమినియం ఫ్రేము బోల్టులు విప్పితే చాలు. అతికించిన ప్లాస్టిక్ దగ్గరే చేతులు నొప్పి పుడతాయి. ఏ భాగం ఎంత బరువుందో, ఊడదీయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కపక్కన రాయించాలి. ఆ రెండో అంకెకూ మార్కులుండాలి. ఇప్పటి ప్రాజెక్టుల్లో సాధారణంగా కంప్యూటర్‌లో గీసిన బొమ్మ నునుపుకే మార్కులన్నీ పోతున్నాయి.