ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మధ్య స్నేహం: అపోహలు – వాస్తవాలు

నేను క్యాన్సర్ ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కీమో ఎక్కించే డేకేర్ వార్డులో గంటల తరబడి పక్కపక్కన కూర్చునేవారి మధ్య పరిచయం ఎలా మొదలవుతుందో, దాన్ని చూసి ఇంటివారు ఎందుకు కంగారు పడతారో రోజూ గమనిస్తూ ఉంటాను. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మహిళల బృందాలు మన నగరాల్లో చాలాకాలంగా ఉన్నాయి గానీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు అలాంటివి తక్కువ. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువమందిలో మూడో దశలోనో, నాలుగో దశలోనో బయటపడటం ఒక కారణమైతే, దాని చుట్టూ అల్లుకున్న సిగ్గు మరో కారణం. అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యుమార్పులు ఉన్నవారికి మాత్రలు అందుబాటులోకి వచ్చాక, నాలుగో దశలో ఉండి కూడా ఏళ్ళ తరబడి తమ పనులు తాము చేసుకుంటున్నవారు కనబడుతున్నారు. ఒకరితో ఒకరు స్నేహం పెంచుకోవడానికి కావలసిన కాలం కొందరికైనా దక్కింది కాబట్టి, ఆ స్నేహాల మీద ఉన్న అపోహలను పరిశీలించడం అవసరం.

అపోహ: "ఇది పొగ తాగేవాళ్ళు కొనితెచ్చుకునే జబ్బు. తాగనివాళ్ళకు వాళ్ళతో పొత్తేమిటి?"

వాస్తవం: ఈ జబ్బుకు పొగాకే అతి పెద్ద కారణమన్న సంగతిని తగ్గించి చెప్పనక్కరలేదు. కానీ మన ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో, ముఖ్యంగా స్త్రీలలో, జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టనివారు గణనీయంగా ఉన్నారు. కట్టెల పొయ్యి పొగ, కలుషితమైన గాలి, ఇంట్లో ఇతరులు కాల్చే సిగరెట్టు పొగ, ఆస్‌బెస్టాస్ ధూళి వంటి కారణాలు కొందరిలో కనబడతాయి. కొందరిలో ఏ కారణమూ తేలదు.

చిక్కు వచ్చేది మొదటి పరిచయంలోనే. "నాకు ఏ అలవాటూ లేదండీ, అయినా వచ్చింది" అని ఒకరు అంటారు. ఆ మాట నిజమే, అందులోని బాధా నిజమే. కాని ముప్పై ఏళ్ళు చుట్ట కాల్చిన పెద్దాయన అదే గదిలో కూర్చుని ఉంటే, తనకు మాత్రం రావలసిందే వచ్చిందన్న అర్థం ఆయన చెవికి వినబడుతుంది. అటువంటివారు రెండోసారి సమావేశానికి రారు. నా దృష్టిలో మన బృందాలు నిలవకపోవడానికి ఇదే అన్నిటికంటే పెద్ద కారణం. అందుకే నేను నిర్వహించే సమావేశాల్లో "మీరు తాగేవారా?" అని ఎవరూ ఎవరినీ అడగకూడదన్న నియమం పెట్టాను. ఆ వివరం డాక్టరుగారికి కావాలి, తోటి రోగికి అవసరం లేదు. అమెరికాలోని కొలరాడోలో ఒక రోగి, ఆమె భర్త 2020లో తమ ఇంట్లోనే చెక్కతో పెద్ద తెల్ల రిబ్బన్లు తయారుచేసి తోటి రోగులకు పంచడం మొదలుపెట్టారు. వైట్ రిబ్బన్ ప్రాజెక్ట్‌గా పేరుపొందిన ఆ ప్రయత్నం చెప్పేది ఒకటే: ఊపిరితిత్తులున్న ఎవరికైనా ఈ క్యాన్సర్ రావచ్చు.

నిందించకుండా ఉండటమంటే పొగాకును వెనకేసుకురావడం కాదు. జబ్బు బయటపడ్డాక మానేసినా లాభం ఉంటుంది. తొలి దశల్లో ఉన్న 517 మంది పొగతాగే రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక రష్యా అధ్యయనంలో, మానేసినవారి మధ్యగత జీవితకాలం (అంటే జబ్బు బయటపడ్డాక సగం మంది కనీసం బతికిన కాలం) 6.6 సంవత్సరాలు, మాననివారిది 4.8 సంవత్సరాలు. తిట్టిపోసే చోట మనిషి బీడీ కట్ట దాచుకుంటాడు. తనలాగే తాగి మానేసిన మరో మనిషి ఎదురుగా ఉంటే, మొదటి వారం ఎలా గడిచిందో అడిగి తెలుసుకుంటాడు.

అపోహ: "దగ్గుతున్నవాళ్ళ పక్కన కూర్చుంటే అంటుకుంటుంది."

వాస్తవం: క్యాన్సర్ అంటువ్యాధి కాదు. క్షయను, దీన్ని ఒకటిగా భావించడం వల్ల ఈ భయం పుట్టింది. తొలి లక్షణాలు ఒకేలా ఉండటంతో క్యాన్సర్‌ను క్షయగా పొరబడి నెలల తరబడి మందులు వాడినవారూ ఉన్నారు. నిజానికి జాగ్రత్త పడవలసింది కీమో తీసుకుంటున్న రోగి కోసం. తెల్లరక్తకణాలు తగ్గి ఉన్న రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవారు పరామర్శకు వెళ్ళకూడదు. రోగికి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

అపోహ: "మా నాన్నగారికి జబ్బు పేరు చెప్పలేదు. నలుగురిలో కూర్చోబెడితే తెలిసిపోతుంది, తట్టుకోలేరు."

వాస్తవం: ఈ మాట చెప్పే పిల్లలు తండ్రి మీద ప్రేమతోనే చెబుతారు. "నెమ్ము చేసింది", "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అని చెప్పి తీసుకువస్తారు. కానీ జుట్టు రాలుతున్న మనుషుల మధ్య మూడు వారాలకు ఒకసారి సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషికి, బయట బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉన్న ఆసుపత్రిలో, తన జబ్బేమిటో తెలియదని అనుకోవడం కష్టం. చాలామంది పెద్దలకు తెలిసే ఉంటుంది. పిల్లలు బాధపడతారని వారు, పెద్దాయన కుంగిపోతారని పిల్లలు, ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ఒకే ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతారు. ఆ మౌనం తరచుగా పక్క కుర్చీలో కూర్చున్నవారి దగ్గరే తెగుతుంది. "మీకు కీమోలో ఇది ఎన్నో సైకిలు, అన్నయ్యగారూ?" అన్న ఒక్క ప్రశ్నకు, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతులన్నీ ఆయన చెప్పేస్తారు.

అలాగని ఇంటివారికి తెలియకుండా రోగిని బృందంలోకి లాగడాన్ని నేను సమర్థించను. ముందు రోగినే అడగాలి: తన జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎవరి ద్వారా? కొందరు వివరాలన్నీ అడుగుతారు, మరికొందరు "మా అబ్బాయితో చెప్పండి చాలు" అంటారు. రెండూ గౌరవించదగిన జవాబులే.

అపోహ: "ఇద్దరికీ ఒకటే జబ్బు. ఆయనకు పనిచేసిన మందే నాకూ పనిచేస్తుంది."

వాస్తవం: స్నేహం వల్ల హాని జరిగే అవకాశం ఉన్నది ఇక్కడే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. సుమారు 85 శాతం నాన్ స్మాల్ సెల్ రకానికి, మిగిలినవి ప్రధానంగా స్మాల్ సెల్ రకానికి చెందుతాయి. మొదటి రకంలోనూ ఏ జన్యుమార్పు ఉందన్న దాన్ని బట్టి మందు మారుతుంది. ఈజీఎఫ్ఆర్ ఉన్నవారి మాత్ర ఏఎల్‌కే ఉన్నవారికి పనికిరాదు. అంతకంటే చిన్నదిగా కనబడే సలహా కూడా ప్రమాదమే. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. "నాకు బాగా పనిచేసింది, మీరూ పరగడుపున ఒకటి వేసుకోండి" అని స్నేహితుడు ఇచ్చే గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గించి, అసలు మందు ప్రభావాన్నే దెబ్బతీయవచ్చు. పసరు మందులు, భస్మాల విషయం వేరే చెప్పనక్కరలేదు.

మరి తోటి రోగి ఏం చెప్పవచ్చు? తన శరీరానికి అనుభవమైనదంతా చెప్పవచ్చు. మాత్రలు మొదలుపెట్టాక ముఖం మీద మొటిమల్లాంటి పొక్కులు ఎప్పుడు లేచాయి, గోళ్ళ అంచులు వాచినప్పుడు గిన్నెలు తోముకోవడం ఎలా కుదిరింది, కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నాక అన్నం మింగుడుపడని రోజుల్లో ఏం తినగలిగారు, ఇలాంటివి ప్రిస్క్రిప్షన్ మీద రాసి ఉండవు. క్యాన్సర్ రోగులకు రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ ఉన్నాయని, అందుకు ఆసుపత్రి ధ్రువపత్రం కావాలని నా దగ్గర కంటే వరండాలో పక్కవారి దగ్గర తెలుసుకున్నవారే ఎక్కువ. ఆరోగ్యశ్రీ కాగితాల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నదీ అంతే.

రోగులు కలిస్తే పరిశోధన కూడా ముందుకు సాగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఒకటి రెండు శాతం మాత్రమే ఉండే రాస్-1 అనే జన్యుమార్పు రకం రోగులు 2015లో రాస్‌వండర్స్ అనే బృందంగా ఏర్పడ్డారు. ఒక్కో ఊళ్ళో ఒక్కరు కూడా దొరకని ఆ జబ్బు మీద పరిశోధకులు పనిచేయడానికి తమ కణితి నమూనాలను వారే సమకూర్చారు.

అపోహ: "బృందంలో చేరి ధైర్యంగా ఉంటే ఎక్కువకాలం బతుకుతారు."

వాస్తవం: ఇది 1989లో వెలువడిన ఒక అధ్యయనం నుంచి బలపడిన నమ్మకం. శరీరమంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మహిళల్లో, బృంద చికిత్సకు వచ్చినవారు ఎక్కువకాలం జీవించారని అందులో తేలింది. 2001లో కెనడాలో 235 మందితో మళ్ళీ పరీక్షిస్తే ఆయుష్షులో తేడా కనబడలేదు. మనసులోని బాధ, నొప్పి మాత్రం తగ్గాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 179 మందిని పరిశీలించి 2004లో ప్రచురించిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఆశావాదానికీ బతికిన కాలానికీ సంబంధం కనిపించలేదు.

నాకైతే ఇది నిరాశ కలిగించే ఫలితం అనిపించదు. ధైర్యమే మందు అని నమ్మించిన చోట, స్కాన్‌లో కణితి పెరిగిందని తెలిసిన రోగి తన మనసే బలహీనమైందని తనను తాను నిందించుకుంటాడు. బాధ, నొప్పి తగ్గడం చిన్న లాభమేమీ కాదు. దానికి ఆయుష్షు లెక్కతో సమర్థన అక్కరలేదు. ఏడవడానికి కూడా చోటు లేని బృందం నాకు బృందంలా అనిపించదు.

అపోహ: "స్నేహితుడు పోతే ఈయన కూడా కుంగిపోతారు. అసలు దగ్గర కాకపోవడమే మేలు."

వాస్తవం: కుంగుబాటు ఉంటుంది, లేదనను. "ఇద్దరం ఒకే నెలలో మొదలుపెట్టాం, నేనెందుకు మిగిలాను?" అన్న అపరాధభావం కూడా ఉంటుంది. అయినా చివరి రోజుల్లో స్నేహితుణ్ణి చూసివచ్చిన వారిలో చాలామంది, ఊహించుకున్నంత భయంకరంగా లేదని నాతో చెప్పారు. మార్ఫిన్ మాత్రతో ఆయాసం, నొప్పి అదుపులో ఉండటం కళ్ళారా చూసినవారికి ఉపశమన చికిత్స (బాధను తగ్గించే పాలియేటివ్ కేర్) విభాగమంటే ఉన్న బెరుకు తగ్గుతుంది. ఆ విభాగానికి చివర్లో వెళ్ళాలన్న నమ్మకం కూడా సరికాదు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నుంచే ఉపశమన వైద్యులను కలిసినవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, మధ్యగత జీవితకాలం కూడా 8.9 నెలలకు బదులు 11.6 నెలలు ఉంది.

మరణవార్తను వాట్సాప్ బృందంలో రాత్రిపూట పెట్టవద్దని మా వారికి చెబుతాను. దగ్గరి స్నేహితులకు ముందుగా ఫోన్ చేసి చెబుతాం. ఇటువంటి వార్తలు తమకు చెప్పవద్దని చేరేటప్పుడే కోరినవారికి చెప్పం. పోయినవారి భార్య లేదా భర్త తర్వాత కూడా రావాలనుకుంటే, కొన్ని నెలలపాటు సంరక్షకుల సమావేశానికి రమ్మంటాం. కొత్తగా జబ్బు బయటపడినవారి పక్కన మాత్రం వెంటనే కూర్చోబెట్టం.