ఒకటి అరుస్తుంది, ఒకటి ఆలకిస్తుంది

“గంగా డాల్ఫిన్‌కి కళ్ళుండవు కదా, మరి చేపల్నెలా పట్టుకుంటుంది?” అని ఓ పాఠకురాలు అడిగారు. కళ్ళున్నాయి, వాటిలో కటకం లేదు. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, అంతే. ఆ ఒండ్రు నీటిలో కటకం ఉండి మాత్రం ఏం లాభం! అదే నది పేరు మోస్తున్న గంగా సొరచేప కళ్ళూ చిన్నవే.

డాల్ఫిన్ అరుస్తుంది. ముక్కు దారిలో పుట్టించిన ‘క్లిక్’ శబ్దాలను ముందుకు వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని కింది దవడతో అందుకుంటుంది. నీటిలో శబ్దం వేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. చేప 3 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని 4 మిల్లీసెకన్లలో వస్తుంది. మీటరున్నరకి జరిగితే రెండే.

సొరచేప నోరు మెదపదు. నా మోజంతా దీనిమీదే. ముట్టె మీద సూదితో గుచ్చినట్టు రంధ్రాలు, వాటి వెనక జెల్ నిండిన గొట్టాలు, గొట్టాల అడుగున విద్యుత్తును పసిగట్టే కణాలు. 1678లో ఇటలీ వైద్యుడు స్తెఫానో లొరెంజినీ వీటిని వర్ణించాడు. ఎందుకున్నాయో తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది. చేప ఒంట్లోంచి, ముఖ్యంగా మొప్పల దగ్గర, కాస్త విద్యుత్తు నీటిలోకి కారుతూనే ఉంటుంది. బురదలో కదలకుండా నక్కినా అది ఆగదు. సముద్రపు సొరలు సెంటీమీటరుకి 5 నానోవోల్టుల తేడాను కూడా గుర్తుపడతాయి. ఎంత చిన్నదంటే, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ రెండు కొసలనూ తీగలతో 3,000 కిలోమీటర్ల ఎడంలో నీటిలో ముంచామనుకోండి, మధ్యలో సెంటీమీటరుకి వచ్చే తేడా అంత. గంగ పొడవే సుమారు 2,500 కిలోమీటర్లు! ఉప్పు లేని నదిలో ఈ అంకె మారుతుందనుకోండి. పైగా ఇదంతా మూరెడు, బారెడు దూరంలోనే పనిచేస్తుంది.

సన్నటి నైలాన్ వల ప్రతిధ్వనిని సరిగా ఇవ్వదు, విద్యుత్తును అసలే వదలదు. అందులో చిక్కిన డాల్ఫిన్ ఊపిరాడక చచ్చిపోతుంది. అది క్షీరదమని బడిలో వల్లె వేయిస్తాం, నీళ్ళలో మునిగి చావగలదని మాత్రం చెప్పం. దాని నూనె రాస్తే కీళ్ళనొప్పులు పోతాయన్న నమ్మకం వేరే.

గాలి కోసం పైకి రాక తప్పదు గనక డాల్ఫిన్లను లెక్కపెట్టగలం. క్లిక్‌లను నీటి మైకులు కూడా పట్టేస్తాయి. 2025లో వెలువడిన లెక్కలో మన నదుల్లో 6,327 డాల్ఫిన్లు తేలాయి, వాటిలో మూడు సింధు డాల్ఫిన్లు. సొరచేపకి పైకొచ్చే పనీ లేదు, కూతా లేదు. 1839లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. గంగలోకి ఎదురీదే బుల్ షార్క్ అనే మరో సొర కరిచినా నింద దీనిమీదే పడుతూ వచ్చింది. 2016లో శాస్త్రవేత్తలకు గంగా సొర ఒకటి దొరికింది, రెండున్నర మీటర్లు దాటిన ఆడది. ముంబయి చేపల మార్కెట్లో, అరేబియా సముద్రం నుంచి వచ్చిన సరుకులో.