ఎనిమిదో నెలలో మాట వినని కుక్క

కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో గొడవ రెండుసార్లు మొదలవుతుంది. మొదటిసారి తెచ్చిన వారంలోనే. చేతులు కొరుకుతుంది, చెప్పులు నమిలేస్తుంది, హాల్లో తడి చేస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది. పసిది కదా అని అందరూ సర్దుకుపోతారు. రెండోసారి, దానికి ఏడెనిమిది నెలలు వచ్చాక. అప్పటికి కూర్చోమంటే కూర్చుంటోంది, పిలిస్తే వస్తోంది, దారిలో పడిందనుకుంటాం. ఓ రోజు పార్కులో పిలిస్తే తలెత్తి చూసి, మళ్లీ పొదను వాసన చూడటంలో మునిగిపోతుంది. "పొగరెక్కింది", "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం" లాంటి మాటలు ఎక్కువగా ఈ రెండో విడతలోనే వినిపిస్తాయి.

ఈ వయసును ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీకి చెందిన లూసీ ఆషర్ బృందం పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రచురించింది. అంధులకు దారి చూపే పని కోసం పెంచుతున్న లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, వాటి సంకర జాతి కుక్కలకు ఐదో నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి 'కూర్చో' పరీక్ష పెట్టారు. ఆ మాట ఒకసారి పెంచేవాళ్లు చెప్పారు, ఒకసారి కొత్తవాళ్లు చెప్పారు. ఎనిమిదో నెలకు వచ్చేసరికి పెంచేవాళ్ల మాట వినడం తగ్గింది. కొత్తవాళ్ల మాట వినడం మాత్రం మెరుగైంది! అంటే నేర్చుకున్నది మర్చిపోలేదు, చెవులకూ ఏమీ కాలేదు. ఇంట్లోవాళ్ల దగ్గరే ఈ మొండితనం. పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. యజమాని కనపడకపోతే ఎక్కువగా కంగారుపడే ఆడకుక్కలు కాస్త ముందుగా ఎదకు రావడం కూడా వాళ్లు గమనించారు. అన్నిటికన్నా ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, ఏడాది నిండేసరికి ఈ కుక్కలు మళ్లీ మాట వినే స్థితికి వచ్చాయి.

కాబట్టి ఈ నాలుగైదు నెలలు నెట్టుకురావడమే అసలు పని. లోపల హార్మోన్లు మారుతున్నాయి, బయట ప్రతి వాసనా కొత్తగా తగులుతోంది. ఇలాంటప్పుడు పార్కులో బెల్టు విప్పేసి పదిసార్లు పేరు పెట్టి పిలిస్తే, పేరు వినిపించినా పట్టించుకోనక్కర్లేదని నేర్పినట్టే. ఐదు నుంచి పది మీటర్ల పొడవున్న తాడు కట్టి వదలండి. ఒక్కసారే పిలవండి, వచ్చాక మంచి ముక్క పెట్టి మళ్లీ ఆడుకోనివ్వండి. చాలామంది ఇంటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రమే పిలుస్తారు. 'రా' అంటే 'ఆట అయిపోయింది' అని దానికి అర్థమైపోతే తప్పు ఎవరిది?

ఇక పసి వయసు కొరుకుడు. కూనకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్ల సలుపుకి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. తడిపి ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టిన పాత గుడ్డ గానీ, రబ్బరు బొమ్మ గానీ ఇస్తే చెప్పులు బతుకుతాయి. చెప్పులు అల్మారాలో పెట్టుకోవడం ఇంకా మేలు. అయితే పళ్లు రావడం ఒక్కటే కారణం కాదు. తోడబుట్టిన కూనలతో ఆడుతూ గట్టిగా పట్టినప్పుడు అవతలిది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. ఎంత నొక్కితే నొప్పి పుడుతుందో కుక్క నేర్చుకునేది ఇలాగే. మన ఊళ్లలో నెల, నెలన్నర కూనల్ని అమ్మేయడం మామూలైపోయింది. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ గీత ఊరికే గీసింది కాదు. ఇటలీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 30-40 రోజులకే తల్లి నుంచి విడదీసిన కుక్కల్లో భయం, అతిగా మొరగడం, వస్తువులు పాడుచేయడం రెండు నెలలు తల్లి దగ్గరున్న వాటికన్నా ఎక్కువగా కనిపించాయి. కూన ముద్దుగా ఉంటుందని తొందరపడి తెచ్చుకుంటే, తల్లి, తోబుట్టువులు నేర్పాల్సిన పాఠం మన చేతుల మీద పడుతుంది.

ఆ పాఠం నేర్పడం మరీ కష్టమేమీ కాదు. పళ్లు తగలగానే చెయ్యి కదపకుండా ఆపాలి, ఆట ఆపాలి, అవసరమైతే లేచి కొన్ని సెకన్లు పక్కకు వెళ్లాలి. చెయ్యి విదిలించినా, కేకలు పెడుతూ పరుగెత్తినా దానికి అదే పెద్ద ఆట. పిల్లలున్న ఇళ్లలో కొరుకుడు ఎంతకీ తగ్గకపోవడానికి ఇదొక కారణం. సాయంత్రాల్లో పిచ్చెక్కినట్టు గదంతా తిరుగుతూ కనిపించినవాళ్ల కాళ్లు పట్టుకుంటోందంటే, చాలాసార్లు అది అలసిపోయి, నిద్ర చాలక చేసే గోల. దాన్ని ఇంకా ఆడించకుండా చీకటి గదిలో పడుకోబెట్టండి. ఒక హెచ్చరిక కూడా: పంటి గాటు చర్మం చీల్చితే, చిన్న కూనే కదా అని వదిలేయకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మూడు నెలలు నిండని కూనకు సాధారణంగా రేబిస్ టీకా పడి ఉండదు.

భయం సంగతి వేరు. పెద్దయ్యాక కనిపించినవాళ్ల మీదల్లా మొరిగే కుక్కల్లో పౌరుషం కన్నా పిరికితనమే ఎక్కువ. దాని మూలాలు మొదటి మూడు నెలల్లో ఉంటాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే ఊళ్లో ఓ పరిశోధనశాల ఉంది. అక్కడ కొన్ని కూనల్ని కంచె వేసిన పొలంలో, మనుషుల స్పర్శ లేకుండా పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో వారాల్లో ఓ వారం పాటు మనుషుల మధ్యకు తెచ్చారు. 14 వారాలదాకా ఎవరి చెయ్యీ తగలనివి ఆ తర్వాత మనిషిని దగ్గరకు రానివ్వలేదు. 1961లో ఈ ఫలితాలు వెలువడినప్పటి నుంచి, సుమారు మూడో వారం నుంచి 12-14 వారాల వరకు ఉండే కాలాన్ని చాలా కీలకమైనదిగా చూస్తున్నారు.

మనకు ఇక్కడే చిక్కు. పార్వో అనే వైరస్ జబ్బు భయంతో టీకాలన్నీ పూర్తయ్యేదాకా కూనను గడప దాటనివ్వరు. పార్వో నిజంగానే ప్రాణాంతకం, ఆ భయం తప్పు కాదు. కానీ టీకాలు పూర్తయ్యేసరికి ఆ కీలకమైన కాలమూ అయిపోతుంది. అందుకే అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే, మొదటి టీకా పడిన వారం తర్వాత నుంచి జాగ్రత్తలతో కూనల్ని కొత్త మనుషులకు, కొత్త చోట్లకు అలవాటు చేయొచ్చని చెప్పింది. కింద దించక్కర్లేదు. చంకలో పెట్టుకుని వీధి చివరిదాకా నడవండి, ఆటోలో కూర్చోబెట్టుకోండి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, గ్యాస్ సిలిండర్ దొర్లే చప్పుడు, కుక్కర్ విజిల్, మిక్సీ, గుడి మైకు... ఇవన్నీ దూరం నుంచి, నోట్లో ఏదో తినిపిస్తూ పరిచయం చేయాలి. దీపావళికి రెండు నెలల ముందే ఫోన్‌లో టపాసుల మోత చాలా తక్కువ సౌండుతో వినిపించడం మొదలుపెట్టొచ్చు. భయపడితే బలవంతంగా దగ్గరకు లాగకండి, దూరం పెంచండి.

మిగతా అల్లరి పనుల దగ్గర నేను ఒకే ఒక్క ప్రశ్న అడగమంటాను: ఈ పని వల్ల దానికి ఏం దొరుకుతోంది? అమెరికా మనస్తత్వవేత్త థోర్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి చూపించింది ఇదే. ఫలితం దక్కిన పని మళ్లీ చేస్తాయి, దక్కనిది మెల్లగా మానేస్తాయి. గుమ్మంలోకి రాగానే మీదికి ఎగిరే కుక్కనే తీసుకోండి. తోడేలు పిల్లలు పెద్దవాటి మూతి నాకి తిండి కక్కించుకుంటాయి. మన కుక్కకూ పలకరింపంటే మూతి అందుకోవడమే. మనం రెండు చేతులతో నెట్టి "దిగు, దిగు" అని అరుస్తాం. చెయ్యి తగిలింది, మాట వినిపించింది, మొహం దాని వైపే ఉంది. పొద్దున్నుంచి ఎదురుచూసిన కుక్కకు ఇంకేం కావాలి? చేతులు కట్టుకుని పక్కకు తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనాకే వంగి నిమరాలి.

ఇంట్లో ఒకరు ఇలా, ఇంకొకరు అలా చేస్తే మాత్రం లాభం లేదు. భోజనాల దగ్గర మొరిగే కుక్కకు అమ్మానాన్నా ఏమీ పెట్టరు, తాతగారు మాత్రం ఎవరూ చూడకుండా ఓ ముక్క కిందకు జారుస్తారు. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే ఫలితం, ప్రతిసారీ దొరికేదానికన్నా గట్టి అలవాటును నిలబెడుతుంది. ఇది ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు తేలిన విషయం. తాతగారిని ఒప్పించడం కుక్కకు నేర్పడం కన్నా కష్టమని తెలుసు.

సరే, అందరూ ఒక్క మాట మీద నిలబడి పెట్టడం మానేశారనుకుందాం. మొరుగుడు వెంటనే తగ్గదు, పెరుగుతుంది! లిఫ్ట్ బటన్ నొక్కాక రాకపోతే మనం ఊరుకోం, నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాం. కుక్క చేసేదీ అదే. మూడో రోజున పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు, టెన్షన్ తట్టుకోలేక ఓ బిస్కెట్ పడేస్తాం. ఎంత గట్టిగా మొరిగితే బిస్కెట్ వస్తుందో దానికి ఇప్పుడు తెలిసింది. ఈ పెరుగుదల ముందే వస్తుందని తెలిస్తే ఓర్చుకోవడం తేలిక. ఒట్టిగా మానేయడం కన్నా బదులు పని చూపించడం ఇంకా తేలిక. భోజనాల వేళ దాని చాప మీద పడుకుంటే అక్కడికే నమిలే వస్తువు వస్తుందని నేర్పొచ్చు.

"చేసిన తప్పు దానికి తెలుసు, చూడండి ఎలా తల దించుకుందో" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాం. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో దీన్ని పరీక్షించింది. తినొద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదో లేదో గది బయట ఉన్న యజమానికి తెలియదు. కొన్నిసార్లు తినకపోయినా తిన్నదని యజమానికి చెప్పారు. ఆ తల దించుకున్న చూపు, తిట్టినప్పుడు ఎక్కువగా కనిపించింది. తిన్నదా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఆఫీసు నుంచి వచ్చి చిరిగిన దిండు చూపించి కొడితే, దిండుకూ దెబ్బకూ లంకె దానికి కుదరదు. మీరు ఇంటికి రావడానికీ దెబ్బకూ కుదరొచ్చు.

దెబ్బల వెనక ఓ పాత సిద్ధాంతం కూడా ఉంది. కుక్క మన మీద పెత్తనానికి చూస్తుందని, మనమే 'ఆల్ఫా', అంటే గుంపు నాయకులమని చూపించాలని కొందరు ట్రైనర్లు ఇప్పటికీ చెబుతారు. రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు 1947లో బోనులో ఉంచిన తోడేళ్లను చూసి రాసిన దాంట్లోంచి పుట్టిన మాట అది. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మెచ్, ఆ గుంపులు చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబాలేనని 1999లో రాశాడు. ఆల్ఫా అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఆయనా ఒకడు, ఆ మాట వదిలేయమన్నదీ ఆయనే. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండించి నేర్పే శిక్షణ కేంద్రాల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, శిక్షణ తర్వాత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుదల ఎక్కువగా ఉన్నాయి. తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు వెళ్లడానికి కూడా ఎక్కువ దండన చూసినవే వెనకాడాయి.

మూత్రం సంగతి రెండు మాటల్లో తేల్చొచ్చు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే ఒకే చోటికి తీసుకెళ్లి, అక్కడే, పని అయిన క్షణంలోనే మెచ్చుకోవాలి. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ వాసన మన ముక్కును మాత్రమే మోసం చేస్తుంది. మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడితేనే మళ్లీ అక్కడికి రాదు.

ఒంటరిగా వదిలితే ఇల్లు పీకి పందిరేసే కుక్క విషయంలో ముందు ఫోన్ కెమెరా ఆన్ చేసి వెళ్లి చూడండి. గంటో రెండు గంటలో పడుకుని, లేచి, తోచక సోఫా మూల నమిలితే అది విసుగు. వ్యాయామం, వాసన చూస్తూ సాగే తీరికైన నడక, తిండి దాచిన బొమ్మలు పనిచేస్తాయి. మీరు తలుపు వేసిన కొద్ది నిమిషాలకే చొంగ కారుస్తూ, ఏడుస్తూ, ఆ తలుపునే గీరుతుంటే అది బెంగ. దానికి బొమ్మలు చాలవు. సెకన్లతో మొదలుపెట్టి, అది కంగారుపడకముందే తిరిగివస్తూ, కొద్దికొద్దిగా సమయం పెంచుకుంటూ పోవాలి. ముదిరితే వెటర్నరీ డాక్టరు మందులు కూడా రాస్తారు, అందులో తప్పేమీ లేదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ సర్దుకుంటాయనే నమ్మకం బాగా ఉంది. మగకుక్కలు బయటకు పారిపోవడం, కనిపించిన చోటల్లా మూత్రంతో గుర్తు పెట్టడం చాలావరకు తగ్గొచ్చు. భయం వల్ల వచ్చే మొరుగుడు, కోపం దాంతో పోవు.

గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ కొట్టకండి. గుర్రుమనడం కాటుకు ముందు అది ఇచ్చే నోటీసు. నోటీసు ఇవ్వడం మాన్పిస్తే నేరుగా కాటే వస్తుంది. అన్నం గిన్నె దగ్గర బిగుసుకుపోయి గుర్రుమంటుంటే గిన్నె లాక్కోకుండా, దూరం నుంచి ఇంకో మంచి ముక్క విసురుతూ వెళ్లిపోవడం నేర్చుకోండి. మనిషి దగ్గరకు రావడమంటే తిండి పోవడం కాదని, రావడమని దానికి అర్థం కావాలి. నిన్నటిదాకా ముట్టుకోనిచ్చిన కుక్క ఈ రోజు హఠాత్తుగా మీద పడితే ట్రైనర్‌కు ఫోన్ చేయకముందే వెటర్నరీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి చెవులు, పళ్లు, కీళ్లు చూపించండి.